అరువు నెమరు

కోత మిల్లు వెనక వీధిలో ఎవరి మేకైనా నెమరు వేయడం మానేసిందంటే, ఇంటివాళ్ళకి ముందు గుర్తొచ్చేది డాక్టరు కాదు, నెమరత్త. ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. కన్నకొడుకు కూడా ఒళ్ళు మండినప్పుడు "నెమరత్తగారూ, కాస్త దారిస్తారా" అంటాడు.

ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే అచ్చు. ముందు గది, వెనక వంటగది, దాని వెనక రేకుల పాక. మిగతావాళ్ళు మేకలని గుమ్మం ముందు కట్టేసి, పాకలో పాత సైకిళ్ళూ విరిగిన కుర్చీలూ దాచుకుంటారు. నెమరత్త పాకలో మాత్రం మేకలు ఉంటాయి. నేల మీద మిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు పరిచి ఉంటుంది, అది తడిసినప్పుడల్లా ఆమే ఎత్తి పోస్తుంది. కోడలికి ఆ పని అప్పజెప్పదు. కోడలు ముందు గదిలో మిషను మీద దిండు గలీబులు కుడుతుంది, పొట్టు చేతులతో గుడ్డ ముట్టుకుంటే మరక పడుతుందని నెమరత్త కారణం చెబుతుంది. అసలు కారణం, పాకలో ఇంకొకరి పెత్తనం ఆమెకి గిట్టదు.

నెమరు అరువివ్వడం చూడ్డానికి తేలిక. మేక మేత మేసి, నీడన పడుకుని, మింగినదాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని తీరుబడిగా నములుతుంది కదా. ఆ ముద్ద గొంతులో పైకి ఎక్కడం బయటికే కనబడుతుంది. సరిగ్గా అప్పుడు ఎడం చేత్తో దవడ పట్టి, కుడి చేతి వేళ్ళు నోటి పక్కనుంచి దూర్చి ఆ ముద్దని లాగేయాలి. ఆలస్యమైతే మేక మింగేస్తుంది, తొందరపడితే వేలు పోతుంది. లాగిన ముద్దని గోరువెచ్చని నీళ్ళలో పిసికి జబ్బు మేక గొంతులో పోస్తే, చల్లబడిన పొట్ట మళ్ళీ రాజుకుంటుందని ఆమె అంటుంది. పొయ్యి ఆరిపోతే పక్కింట్లోంచి నిప్పు తెచ్చుకున్నట్టే.

అరువు తీసుకునేవాళ్ళకి ఆమె పెట్టిన షరతులు రెండు. మేక ఎవరిదో వాళ్ళే రావాలి, మనిషిని పంపితే ఇవ్వదు. వస్తూ ఒక మోపు పచ్చాకు తేవాలి. ఆ ఆకు ఆమెకి కాదు, ముసలిదానికి.

ముసలిదంటే ఒక కొమ్ము విరిగిన గోధుమరంగు మేక. పాలు ఎండిపోయి చాలా కాలమైంది, ఈనడం అంతకంటే ముందే మానేసింది. దాని పనల్లా పడుకుని నెమరు వేయడం, అడిగినప్పుడు నోరు తెరవడం. ఎవరినీ ఒక్కసారి కూడా కరవలేదు. "ఈ చుట్టుపక్కల సగం మేకల పొట్టల్లో ఉన్నది మా ముసలిదాని బలగమే" అని నెమరత్త గొప్పలు పోయేది. ఆ మాట అన్నప్పుడు ఆమె నిలబడే తీరు చూస్తే మేకపోతు గాంభీర్యం అన్న మాట ఎక్కడ పుట్టిందో అర్థమవుతుంది.

గొప్పలతో పాటు తిట్లు కూడా ఉండేవి. మేక జబ్బుపడితే తప్పు మేకది కాదు, పెట్టినవాళ్ళదని ఆమె వాదన. మిగిలిన అన్నం కుండెడు తెచ్చి ఒక్కసారిగా మేక ముందు పోసినవాళ్ళని వీధి మధ్యలో నిలబెట్టి కడిగేసేది. "మేత మార్చాలంటే చిటికెడు చిటికెడు మార్చాలి. నీకు అత్తారిల్లు ఒక్క రోజులో అలవాటైందా? మరి దాని పొట్టకి కొత్త తిండి ఒక్క పూటలో ఎలా అలవాటవుతుంది?" అని నిలదీసేది.

ఆమె నోరు అందరికంటే ముందు తగిలింది సొంత తోడికోడలికి. అన్నదమ్ములిద్దరూ కలిసి ఉన్న రోజుల్లో మేకలూ కలిసే ఉండేవి. వేరుపడ్డప్పుడు చిన్నామె వాటాకి ఒక బక్క మేకపిల్ల వచ్చింది. అరచేతిలో పట్టేలా ఉండేది కాబట్టి దాని పేరు గుప్పెడు. తల్లి చచ్చిపోయింది, పిల్లకి గడ్డి అందితే నములుతోంది గానీ అరగడం లేదు. అప్పుడు నెమరత్తే ముసలిదాని నోట్లోంచి ముద్ద లాగి, గుప్పెడు నోట్లో పెట్టి, రోజూ అలాగే పెట్టి దాన్ని బతికించింది. అప్పటికి ముసలిది ముసలిది కాదు, ఇద్దరి మధ్యా మాటలూ ఉన్నాయి.

తర్వాత చిన్నామె మేకలని క్వారీ వైపు తోలుకెళ్ళి ముళ్ళకంపల్లో మేపడం మొదలుపెట్టింది. నెమరత్తకి అది నచ్చలేదు. ఒకరోజు కుళాయి దగ్గర పదిమంది వింటుండగా, "నీవి మేకలా, ముళ్ళపందులా?" అంది. అందరూ నవ్వారు. చిన్నామె బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది, కొన్నాళ్ళకి సంసారం మొత్తం ఎత్తుకుని క్వారీ పక్కకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఎక్కడైనా ఎదురుపడితే పక్కనున్న మేకతో మాట్లాడతారు, అవతలి మనిషి వింటుంది. మేకే లేకపోతే గోడతో మాట్లాడతారు.

ఈమధ్య ముసలిదానికి పళ్ళు అరిగిపోయాయి. ఆకు నమల్లేక నోట్లోనే తిప్పి కింద పడేసేది. నెమరత్త కొడుకు బేకరీ బండి నడుపుతాడు, అమ్ముడుపోని రొట్టెలు సంచిలో వేసుకుని ఇంటికి తెస్తాడు. ఆమె ఒక రొట్టెని నీళ్ళలో నానబెట్టి ముసలిదానికి పెట్టింది. అది కళ్ళు మూసుకుని తింది. మర్నాడు ఇంకొకటి. కొన్నాళ్ళకి ముసలిదాని మేతంతా నానిన రొట్టే అయింది, ఎవరో తెచ్చిన ఆకు మోపులు పక్క మేకలకి పోయేవి. రొట్టెల సంచి ముసలిదాని గుంజకే వేలాడదీసింది.

"అత్తయ్యా, ముసలిది పుల్లటి వాసన వస్తోంది" అని కోడలు ఒకసారి అంది.

"ముసలితనం వాసన అది. నా దగ్గరా వస్తుంది రేపు, అప్పుడూ ముక్కు మూసుకుందువుగాని" అంది నెమరత్త.

కోడలు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. లోకానికంతా చిటికెడు సుద్దులు చెప్పే మనిషి తన మేక విషయానికి వచ్చేసరికి గుప్పెళ్ళతో పెడుతోందని ఆమెకి తెలుసు. ఆ ఇంట్లో తెలిసినవన్నీ పైకి చెప్పే అలవాటు లేదు.

ఆ రోజుల్లోనే తాళాలాయన మేక చచ్చిపోయింది. ఆయన చౌరస్తాలో గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన మేక పిండి డబ్బాలో తల పెట్టి తిని పడిపోతే భుజాన వేసుకుని వచ్చాడు. నెమరత్త ముసలిదాని నెమరు పోసింది. మేక లేవలేదు. "ఆలస్యం చేశావు నాయనా, ముందే తెచ్చి ఉంటే బతికేది" అంది. ఆయన తలూపి, చచ్చిన మేకని అదే భుజం మీద వేసుకుని వెళ్ళాడు. ఎన్ని తాళాలు తీసినా మేక పొట్ట తాళం తీయలేకపోయాడని వీధిలో నవ్వుకున్నారు.

ఆ తర్వాత చుక్క వంతు వచ్చింది. చుక్క అంటే నుదుట తెల్లమచ్చ ఉన్న పాడి మేక. ఇంట్లో పాలన్నీ దాదాపు దానివే. ఒక ఉదయం నెమరత్త పాకలోకి వెళ్ళేసరికి చుక్క తాడు ఊడదీసుకుని ఉంది, గుంజకి వేలాడే సంచి కింద పడి చిరిగి ఉంది. మిగతా మేకలూ తలా కొంచెం తిన్నాయి, సింహభాగం మాత్రం చుక్కదే. పొట్ట డోలులా ఉబ్బింది, పళ్ళు కొరుకుతోంది, మూలుగుతోంది.

"ముడి సరిగ్గా వేయడం కూడా చేతకాదా నీకు?" అని కొడుకు మీద విరుచుకుపడింది.

"ముడి వేసింది నువ్వేనమ్మా" అన్నాడు వాడు బూట్లు తొడుక్కుంటూ.

పశువుల డాక్టరమ్మకి ఫోను చేసింది కోడలే. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మోటారు సైకిలు మీద వచ్చింది. తినే సోడా నీళ్ళలో కలిపి తాగించింది, గొట్టం వేసి పొట్టలోది కొంత బయటికి తీసింది, మెడ నరంలోకి సెలైను ఎక్కించింది. గింజా రొట్టె ముట్టనివ్వద్దు, ఎండుగడ్డి మాత్రం ముందు పెట్టండి అని చెప్పి, రోజూ వచ్చి చూసింది. ఉబ్బు దిగింది, మూలుగు ఆగింది. కానీ చుక్క గడ్డి వైపు తల తిప్పలేదు, దాని గొంతులో ముద్ద కదల్లేదు. నెమరత్త ముసలిదాని నెమరు లాగి పోసింది. ఏమీ కాలేదు. ఇంకోసారి పోసింది. అప్పుడూ ఏమీ కాలేదు. పాడి పోతుందన్న భయం పోయి, మేకే పోతుందన్న భయం వచ్చింది.

"పొట్టలో పులుపు తగ్గింది పెద్దమ్మా" అంది డాక్టరమ్మ, చుక్క ఎడమ డొక్క మీద చెవి గొట్టం పెట్టి విని. "కానీ లోపల పనిచేసేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. గడ్డినీ ఆకునీ అరిగించేది మేక కాదు, దాని పొట్టలో కాపురం ఉండే కంటికి కనబడని జీవాలు. మేక వాటికి మేత పెడుతుంది, అవి మేకకి తిండి పెడతాయి. ఏ మేతకి తగ్గవి ఆ మేత తినే పొట్టలో పెరుగుతాయి. ఒక్కసారిగా అంత రొట్టె పడేసరికి పులుపుని తట్టుకునేవి పెరిగిపోయాయి, గడ్డి పని చేసేవి చచ్చిపోయాయి."

"అందుకే కదా నెమరు పోసేది" అంది నెమరత్త.

"అవును. మేమూ అదే చేస్తాం, గొట్టంతో. మీరు వేళ్ళతో చేస్తారు."

"మరి రెండుసార్లు పోశాను. ఏమీ కాలేదు."

"దేనిది పోశారు?"

నెమరత్త ముసలిదాన్ని చూపించింది. డాక్టరమ్మ దాని మూతి దగ్గర వంగి వాసన చూసింది, గుంజకి మళ్ళీ తగిలించిన చిరిగిన సంచి చూసింది. ముసలిదాని పొట్టలోంచి గొట్టంతో కాస్త నీళ్ళు సీసాలోకి తీసి, చల్లారకుండా గుడ్డ చుట్టి, "ఆసుపత్రికి రండి, చూపిస్తాను" అంది.

ఆసుపత్రంటే రెండు గదులు. ఒకదానిలో పశువులని తూచే బల్ల, రెండోదానిలో గుడ్డ కప్పిన మైక్రోస్కోపు. డాక్టరమ్మ ముందు తన ఫోనులో ఒక వీడియో చూపించింది. ఆకూ గడ్డీ తినే మేక పొట్టలోంచి తీసిన నీటి బొట్టట. చిన్నవీ పెద్దవీ, గుండ్రటివీ కోలవీ, ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగులు పెడుతున్నాయి. నెమరత్త కళ్ళార్పకుండా చూసింది. జీవితమంతా చేత్తో పిసికినవాటిని ఆమె చూడడం అదే మొదటిసారి.

"ఇవి గాల్లోంచి రావు" అంది డాక్టరమ్మ. "పిల్లకి తల్లి నాలుక నుంచి వస్తాయి, లేదంటే ఇంకో మేక నోటి నుంచి. ఇప్పుడు మీ ముసలిదానిది చూడండి."

నెమరత్త ఒక కన్ను మూసి వంగింది. అద్దం కింద ముక్కలూ నలుసులూ ఉన్నాయి. కదిలేది ఒక్కటీ లేదు. డాక్టరమ్మ గాజు పలక పక్కకి జరిపింది, ఇంకా జరిపింది. ఎక్కడా ఏమీ కదల్లేదు.

నెమరత్త తల ఎత్తి బల్ల అంచు పట్టుకుంది. ఆమె ఆలోచిస్తున్నది ముసలిదాని గురించీ కాదు, చుక్క గురించీ కాదు. ఆలస్యం చేశావు నాయనా అని తను అన్నప్పుడు తాళాలాయన తలూపిన తీరు గుర్తొచ్చింది.

"చుక్కకి ఇవాళే మంచి నెమరు పడాలి" అంది డాక్టరమ్మ. "మీ పాకలో మిగతావీ రొట్టె తిన్నాయి, పనికిరావు. ఈ వీధిలో మేకలన్నీ ఇళ్ళల్లో మిగిలింది తినేవే. కంపల్లో మేసే మేకలు ఎవరికైనా ఉన్నాయా?"

వెంట వచ్చిన కోడలు నేల చూసింది. తర్వాత, "క్వారీ పక్కన మా చిన్నత్తయ్యకి ఉన్నాయి" అంది.

"నాకు తెలుసు ఆవిడ. నేను ఫోను చేసి అడగనా?"

నెమరత్త మనసులో లెక్క వేసుకుంది. కొడుకుని పంపచ్చు, కోడలు వెళ్తుంది, డాక్టరమ్మ అడిగితే కాదనేవాళ్ళుండరు. దారులన్నీ తెరిచే ఉన్నాయి, కానీ ఆ షరతు పెట్టింది తనే.

"వద్దమ్మా" అంది. "మేక ఎవరిదో వాళ్ళే వెళ్ళాలి."

రొట్టెల బండిలో కొడుకు పక్కన కూర్చుని వెళ్ళింది. ఒళ్ళో టిఫిను డబ్బా, ఫ్లాస్కులో వేడినీళ్ళు, కాళ్ళ దగ్గర పచ్చాకు మోపు.

చిన్నామె ఇంటి చుట్టూ కంప కంచె ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, కత్తితో కంప కొట్టి, కంచెకి పడ్డ కన్నం పూడుస్తోంది. మేకలు వెనక కాళ్ళ మీద లేచి ముళ్ళ మధ్యనుంచి ఆకు తుంచుకుంటున్నాయి. గుప్పెడు ఇప్పుడు రెండు చేతులకీ పట్టదు, మందలో అన్నిటికంటే పెద్దది అదే. కడుపు నిండి నీడన పడుకుని నెమరు వేస్తోంది. చిన్నామె తల ఎత్తి చూసింది, మళ్ళీ కంప వైపు తిరిగింది.

"ఏమే గుప్పెడూ" అంది మేకతో. "ముళ్ళపందుల ఇంటికి ఎవరో వచ్చారు. దారి తప్పారేమో అడుగు."

నెమరత్త ఆకు మోపు గుప్పెడు ముందు పెట్టింది. "దారి తప్పలేదని చెప్పవే. మా చుక్క నెమరు వేయడం లేదు. అరువు కావాలి."

"వాళ్ళింట్లో లోకానికంతా పోసే మేక ఉందిగా. దానికేమొచ్చిందట?"

"దాని పొట్టలో ఏమీ లేదు." అక్కడ నెమరత్త కాస్త ఆగింది. "రొట్టెలు పెట్టి నేనే పాడుచేశాను."

కంప మీద కత్తి ఆగింది. తోడికోడలి నోట పాడుచేశాను అనే మాట పక్కన నేనే అనే మాట చిన్నామె అంతవరకూ విని ఎరగదు. లేచి చేతులు దులుపుకుంది. లోపలికెళ్ళి పీట తెచ్చి నెమరత్త వెనక వేసింది. ఆమె కూర్చున్నాక తను గుప్పెడు పక్కన చేరి రెండు కొమ్ములూ పట్టుకుంది.

గుప్పెడు ముసలిదిలా సాధువు కాదు. పరాయి చెయ్యి మూతి దగ్గరకి రాగానే తల విదిలించింది. నెమరత్త వేళ్ళు జారాయి. మొదటి ముద్ద తప్పిపోయింది, మేక మింగేసింది.

చిన్నామె మేక చెవి దగ్గరకి వంగింది. "కరవకే" అంది. "నీ నోట్లో మొదటి ముద్ద పెట్టింది ఈ చెయ్యే."

నెమరత్తకి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. వేళ్ళు మేక నోట్లో ఉన్నాయి కాబట్టి తుడుచుకోవడానికి వీల్లేకపోయింది. గొంతులో ముద్ద పైకెక్కడం ఆమె సరిగ్గా చూడలేదు, చేతికి తెలిసింది. లాగింది. ముతకగా, పచ్చగా, కంపాకు వాసనతో ముద్ద వచ్చింది. ఒకప్పుడు ముసలిదాని నోట్లో ఉండే వాసన అదే. టిఫిను డబ్బా నిండేదాకా ముగ్గురూ అలాగే కూర్చున్నారు, ఇద్దరు ఆడవాళ్ళూ ఒక మేకా.

బండి కదులుతుంటే చిన్నామె కంచె దగ్గర నిలబడింది. ఈసారి పక్కన మేక లేదు, గోడా లేదు.

"చల్లారనివ్వకక్కా, ఒళ్ళో పెట్టుకో" అంది.

డాక్టరమ్మ ఆ ముద్దలని గోరువెచ్చని నీళ్ళలో కలిపి, వడగట్టి, గొట్టంతో చుక్క పొట్టలోకి పంపింది. మర్నాడు చిన్నామె అడక్కుండానే ఇంకో డబ్బా పంపింది, అదీ పట్టించారు. ఆ మధ్యాహ్నం కోడలు మిషను ఆపి, "అత్తయ్యా, ఇలా రండి" అని పిలిచింది. చుక్క పడుకుని ఉంది. గొంతులో ఏదో కిందనుంచి పైకి జరిగింది, దవడ పక్కకి కదిలింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ పొట్టులోనే చతికిలబడి అది నమలడం చూశారు. ఆ రోజు గలీబుల మీద మరకలు పడ్డాయి, ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

కొన్నాళ్ళకి తాళాలాయన మళ్ళీ వచ్చాడు. చచ్చిన మేక స్థానంలో ఇంకో మేకని తెచ్చుకున్నాడు, అదీ పొద్దుటినుంచి నెమరు వేయడం లేదట. ఈసారి మేకని ఇంటి దగ్గరే వదిలి మరీ ముందుగా వచ్చాడు, పరుగెత్తుకుంటూ వచ్చినట్టు చెమటలు పట్టి ఉన్నాయి. చేతిలో ఆకు మోపు ఉంది.

"నెమరత్తా, ఆలస్యం చేయలేదు" అన్నాడు గుమ్మంలోనే.

తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఆయనకి చెప్పేవాళ్ళు లేరు, డాక్టరమ్మ ఒకరి మాట ఒకరికి మోసే మనిషి కాదు. నెమరత్త ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది.

"పోయినసారి కూడా నువ్వు ఆలస్యం చేయలేదు నాయనా" అంది. "మా ముసలిదాని పొట్ట అప్పటికే పాడైపోయి ఉంది. నేను పోసింది ఉత్త కుడితి. నీ మేకకి అందాల్సిన నెమరు నా దగ్గర లేదు. నాకు తెలియదు గానీ, తెలుసుకోవాల్సింది నేనే. తప్పు నీ మీదకి నెట్టాను."

తాళాలాయన గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళు తాగలేదు.

"ఆలస్యం చేసి మేకని చంపావని మా ఆవిడ ఇప్పటికీ అంటోంది" అన్నాడు. "పిల్లలు కూడా అంటారు. నేనూ నిజమే అనుకున్నాను."

నెమరత్త లేచి పాకలోకి వెళ్ళి ముసలిదాని తాడు విప్పింది. గుంజకి ఇప్పుడు సంచి లేదు. ఈ మధ్య దానికి సన్నగా తరిగి నానబెట్టిన ఎండుగడ్డి పెడుతోంది, అది ఇష్టం లేనట్టే తింటోంది.

"మరి ఇప్పుడు నెమరెక్కడ దొరుకుతుంది?" అన్నాడు తాళాలాయన.

"క్వారీ పక్కన. ఇకమీదట నెమరత్త నేను కాదు, అక్కడున్న మా తోడికోడలు. ఆకు మోపు అలాగే పట్టుకుని రా, నేనూ వస్తున్నాను. దీనిక్కూడా అరువు అడగాలి."

వీధిలోకి వచ్చాక ఆయన క్వారీ దారి వైపు తిరిగాడు. నెమరత్త ముసలిదాన్ని రెండో వైపు నడిపించింది.

"అటు కాదు. మీ ఇల్లు ఇటే కదా" అంది. "ముందు మీ ఆవిడతో మాట్లాడి వెళ్దాం."